హక్కుల పట్టికలో చెరువుకూ చోటుండాలి

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ముస్లిం కుటుంబాలు జనగామలో జరుపుకొన్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పర్యావరణ పరిరక్షణను తమ వృత్తిజీవితంలో భాగం చేసుకున్న ప్రముఖుల గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఈ మాట వినగానే మీలో కొందరికి ఒక సందేహం కలిగి ఉంటుంది. 2006లో సచార్ కమిటీ, 2016లో సుధీర్ కమిషన్ మన స్థితిగతులను అంకెలతో సహా ప్రభుత్వాల ముందు పెట్టాయి. నాలుగు శాతం రిజర్వేషన్, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, రుణాలు: మన సభల్లో ఇవే చర్చకు వస్తాయి, రావాలి కూడా. ఇన్ని గాయాలుండగా చెట్ల గురించీ పిట్టల గురించీ మాట్లాడుకొనే తీరిక మనకెక్కడిది? కడుపు నిండినవారి కాలక్షేపం మనకెందుకు?

ఈ సందేహానికి సమాధానం నేను చెప్పనక్కరలేదు, మన వాగులే చెప్పాయి. 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి సమీపంలోని మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా నీట మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. ఏడాది తిరిగిందో లేదో, 2024 సెప్టెంబరు 1న ఆకేరు ఉప్పొంగి మహబూబాబాద్ జిల్లా పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా పారింది. సెలవుకు ఇంటికి వచ్చి తిరిగి వెళుతున్న ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమెను సాగనంపుతున్న తండ్రి కారుతో సహా కొట్టుకుపోయారు. కేసముద్రం వైపు రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిది మందిని సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవర్ తెగించి వెళ్లి ఒడ్డుకు చేర్చాడు. ఆ పేరు విని మనమందరం గర్వపడ్డాం. గర్వపడవలసినదే. కానీ ఆ మున్నేరు ఎక్కడిది? మన పాకాల నుంచి బయలుదేరి, మహబూబాబాద్ పల్లెలను ఒరుసుకుంటూ ఖమ్మం చేరే నీరది. ఎగువన వాగులూ చెరువులూ ఏ స్థితిలో ఉన్నాయో దిగువన ప్రాణాల లెక్క అలా ఉంటుంది. వాగు ఒడ్డున, చెరువు కింద చౌకగా దొరికే జాగాల్లో ఇల్లు కట్టుకొనేది పేదవాడు. మన బస్తీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కసారి మనసులో చూసుకోండి.

ఇక ప్రముఖుల విషయానికి వస్తాను. మొక్క చేతబట్టి ఫొటో దిగినవారి గురించి నేను మాట్లాడను. తమ ఉద్యోగాన్నో, చదువునో, పేరునో ఈ పనికి ఒడ్డినవారు కొందరున్నారు. వారిలో మన ప్రాంతంతో సంబంధం ఉన్నవారిని మాత్రమే తీసుకుంటాను.

ఏటా జులై 11న తెలంగాణ ప్రభుత్వం ఇంజనీర్ల దినోత్సవం జరుపుతుంది. ఆ తేదీ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. 1877లో హైదరాబాద్‌లో జన్మించిన ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. నిజాం ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండ్ వెళ్లి, కూపర్స్ హిల్‌లోని ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకొని వచ్చారు. ఉపకార వేతనం ఒక విద్యార్థి ఇంటికి మాత్రమే ఉపకరిస్తుందనుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఒక్క విద్యార్థి తిరిగివచ్చి హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజనీరై, మంజీర మీద నిజాం సాగర్ నిర్మాణానికి నాయకత్వం వహించారు. 1923లో మొదలైన ఆ పని 1931 నాటికి పూర్తయింది. నేటి ఖమ్మం జిల్లాలోని వైరా, పాలేరు జలాశయాలు కూడా ఆయన కాలపు పనులే. నదుల నీటిని రాజ్యాల మధ్య పంచుకొనే చర్చల్లో హైదరాబాద్ పక్షాన కూర్చున్నది ఆయనే. భారత జాతీయ కాంగ్రెస్ 1938లో నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘాన్ని నియమించినప్పుడు, నదులు, నీటిపారుదలకు సంబంధించిన ఉపసంఘానికి అధ్యక్షునిగా ఎంపికైనది కూడా ఈ హైదరాబాదీ ఇంజనీరే. 1949లో ఆయన కన్నుమూశారు.

ఆయనను పర్యావరణవాది అని పిలవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఆ కాలానిది కాదు. పైగా నిజాం సాగర్ కింద ఎన్నో పల్లెలు మునిగాయి. ఆ ఊళ్లవారి కన్నీటిని మరచి ఆనకట్టను మాత్రమే పొగడడం న్యాయం కాదు. అయినా ఆయన పేరు మొదట చెప్పడానికి కారణముంది. నీటిని కొలిచి, లెక్కగట్టి, ముందు తరాలకు మిగిలేలా వాడుకోవాలన్న దృష్టి ఆయన వృత్తిలో ఆద్యంతం కనిపిస్తుంది. ఆ దృష్టి మన నేలకు కొత్త కాదు. పాకాల, రామప్ప, లక్నవరం, భూపాలపల్లి దగ్గరి గణపురం చెరువు, అన్నీ కాకతీయుల నాటివి. రాజులు మారారు, మతాలు మారాయి, భాషలు మారాయి, తూములు ఎత్తే చేతులు మారాయి. ఎవరు పాలించినా ఆ చెరువుల కింద వరి పండుతూనే ఉంది. ఈ నేల మీద మన వాటా ఏమిటని అడిగేవారికి చూపించడానికి చార్మినారు ఒక్కటే లేదు, ఈ నీటి లెక్కలూ ఉన్నాయి.

రెండవ వ్యక్తి సలీం అలీ. ఆయన బొంబాయివారే అయినా, ఆయన జీవితం మలుపు తిరిగిన చోట్లలో మన హైదరాబాద్ రాజ్యం ఒకటి. 1896లో పుట్టిన ఆయన చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. మామ ఇచ్చిన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. తీరా చూస్తే దాని గొంతు మీద పసుపుపచ్చని మచ్చ. ఇలాంటి పిట్టను తినడం ముస్లింకు తగునా, కాదా అని ఆ పిల్లవానికి అనుమానం వచ్చింది. మామను అడిగాడు. మామకూ తెలియక, తాను సభ్యుడిగా ఉన్న బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర అల్మారాలు తెరిచి, గడ్డి కూరి భద్రపరచిన వందలాది పిట్టలను చూపించాడు. హలాలా కాదా అన్న ఒక పిల్లవాని ప్రశ్న దేశపు పక్షిశాస్త్రాన్ని మలుపు తిప్పింది. మన పిల్లలు ఇలాంటి ప్రశ్నలు అడిగినప్పుడు విసుక్కొని నోరు మూయించే పెద్దలు ఈ కథ వినాలి.

పెద్దయ్యాక ఆయనకు పిలిచి ఉద్యోగమిచ్చినవారు లేరు. బొంబాయి మ్యూజియంలో చిన్న కొలువు చేసి, జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో శిక్షణ పొంది తిరిగివచ్చేసరికి ఆ కొలువు కూడా లేదు. అప్పుడు ఆయన ఒక ప్రతిపాదన చేశారు: సంస్థానాలు ప్రయాణ ఖర్చులు, బస చూసుకుంటే చాలు, జీతం లేకుండా ఆయా ప్రాంతాల పక్షులను సర్వే చేసి పెడతాను అని. ఆ మాటకు ముందుగా స్పందించినది హైదరాబాద్ రాజ్యం. 1931లో మొదలైన ఆ సర్వేలో భార్య తెహ్‌మీనా తోడుగా నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాద్ వంటి చోట్ల గుడారాలు వేసుకొని తిరిగారు. తర్వాతి రెండు మూడేళ్లలో ఆ వివరాలు సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. ఏ పిట్ట ఎక్కడ ఉండేదని ఈనాడు తెలుసుకోవాలనుకొనే పరిశోధకుడు ముందుగా తెరవవలసినవి ఆ పుటలే.

ఆయన పిట్టలను లెక్కపెట్టి ఊరుకోలేదు. భరత్‌పూర్ చిత్తడి నేలలను కాపాడాలని, కేరళలోని సైలెంట్ వ్యాలీని ఆనకట్ట కింద ముంచవద్దని తన పేరును అడ్డం వేశారు. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన సొమ్మును ప్రకృతి పరిరక్షణ నిధికి మళ్లించారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి, 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987లో మరణించారు. ఆ చివరి సంవత్సరాల్లోనే ఆయన చెవిన ఒక తెలుగు వార్త పడింది. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడికి రాత్రివేళ అది దొరికింది. సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న శాస్త్రవేత్త భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు. తర్వాత ఆ పక్షి కోసం లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది, తెలుగు గంగ కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. పుస్తకాల్లో శాస్త్రవేత్తల పేర్లు ముందుంటాయి. నా మటుకు నేను ఐతన్న పేరు కూడా అదే వరుసలో చదువుకుంటాను. అడవి చీకటిలో ఆ పిట్ట అడుగుల సవ్వడి గుర్తుపట్టినవాడు అతడే.

ఇప్పుడు మనం కూర్చున్న చోటికి వద్దాం. ఈ సభాస్థలికి కొద్ది దూరంలో, లింగాలఘనపురం మండలంలో ఏనెబావి అనే చిన్న పల్లె ఉంది. సుమారు 50 కుటుంబాలు, 280 ఎకరాలు. జనగామ కరువు మీకు చెప్పనక్కరలేదు. బోరు వేసి నీరు పడక, మళ్లీ వేసి, అప్పుల పాలైన ఇళ్లు మనలోనూ ఉన్నాయి. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట ఇక్కడి మెట్ట చేలల్లో ఆముదం వేసేవారు. తొలకరి పడగానే బొంత పురుగు అని మనం పిలిచే ఎర్ర గొంగళి పురుగు దండులా వచ్చి మొలకలను నమిలేసేది. మందు కొడితే ఖర్చు, కొట్టకపోతే పంట లేదు. కొట్టినా పురుగు పక్క చేనికి పోయి తిరిగివచ్చేది.

జనగామ కేంద్రంగా పనిచేసే క్రాప్స్ అనే సంస్థ కార్యకర్తలు అప్పుడు ఒక పాత ఉపాయాన్ని ఊరి ముందు పెట్టారు. తొలి వానలకు నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు బయటికి వస్తాయి. సరిగ్గా ఆ రాత్రులలో చేను చేనుకూ మంటలు వేస్తే అవి వెలుగుకు వచ్చి మాడిపోతాయి, గుడ్లు పెట్టవు. మిగిలిన గొంగళ్లు పాకకుండా చేను చుట్టూ కందకం తీస్తారు. జిల్లేడు కొమ్మలు పరిచి వాటిని అక్కడికి రప్పించి ఏరివేస్తారు. ఇంతే. ఇందులో శాస్త్రం ఎంత ఉందో, సంఘం అంతకంటె ఎక్కువ ఉంది. ఎందుకంటే ఒక్క రైతు మంట వేస్తే ప్రయోజనం లేదు. ఊరంతా ఒకే రాత్రి వేయాలి. పెద్ద రైతు, చిన్న రైతు, కౌలుదారు, అన్ని కులాలవారూ ఒక మాట మీదకు రావాలి. ఏనెబావి వచ్చింది.

ఆ ఐకమత్యం రుచి చూసిన ఊరు అక్కడితో ఆగలేదు. పురుగుమందు మానేసినవారు తర్వాత రసాయన ఎరువులూ మానేశారు. వేపగింజల కషాయం, పశువుల పేడ, మూత్రం, వర్మికంపోస్టు, ఎండాకాలంలో తోలుకొనే చెరువు మన్ను: వీటితోనే వరి, పత్తి, కూరగాయలు పండించారు. 2006 నాటికి ఊరికి ఊరే రసాయనాలు లేని పల్లెగా ప్రకటించుకుంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఊరంతా సేంద్రియానికి మారడం అదే మొదలని చెబుతారు. ఆ ఊరికి పెద్దదిక్కుగా నిలిచిన రైతు పొన్నం మల్లయ్య. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాదు. అయితే విశ్వవిద్యాలయాలవారు ఆయన గట్టు మీదికి వచ్చి పాఠం విని వెళ్లారు. ఏనెబావికి అండగా నిలిచిన సుస్థిర వ్యవసాయ కేంద్రం వ్యవస్థాపకుడు డాక్టర్ రామాంజనేయులు కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త ఉద్యోగం వదులుకొని ఈ పనిలోకి వచ్చినవారు.

నేను ఏనెబావి దగ్గర ఎక్కువసేపు ఆగడానికి ఒక కారణముంది. ఈ మూడు జిల్లాల్లో మనవారిలో సొంత భూమి ఉన్నవారు తక్కువ, కౌలుకు చేసేవారు, కూలికి పోయేవారు ఎక్కువ. ముక్కుకు గుడ్డ కట్టుకొని, వీపున డబ్బా మోస్తూ పత్తి చేలో మందు కొట్టేది భూమి యజమాని కాదు. ఆ విషం ముందుగా ఎక్కేది కూలి ఒంటికి. ఏరివేతకు వెళ్లే మన ఆడవాళ్ల చేతులకు. కనుక రసాయనాలు లేని సాగు అంటే పట్టణంలో ఎక్కువ ధర పెట్టి కొనేవారి ఆరోగ్యం మాత్రమే కాదు, అది కార్మికుని హక్కు కూడా. దానిని ఆ పేరుతో ఎవరూ పిలవరు, మనం పిలుద్దాం.

ఊరు నిలబెట్టుకున్నది అలా నిలుస్తుంది. పదవి నిలబెట్టినది ఎంతకాలం నిలుస్తుందో కూడా ఈ జనగామలోనే చూశాం. 2017లో ఇక్కడ కలెక్టరుగా ఉన్న శ్రీదేవసేన, పట్టణంలోని బతుకమ్మకుంట భూమి విషయంలో స్థానిక శాసనసభ్యుని మీద ఆక్రమణ ఆరోపణ బహిరంగంగానే చేశారు. ఆయన ఆ ఆరోపణను ఖండించారు. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. ఒక జిల్లా అధికారి కుంట భూమి కోసం ప్రజల ముందు నోరు విప్పడం మన రాష్ట్రంలో అరుదైన సంఘటన. కొద్ది నెలలకే ఆమె బదిలీపై పెద్దపల్లికి వెళ్లారు. బదిలీలు ఉద్యోగంలో మామూలే, దాన్ని గురించి ఊహలు చేయను. నేను అడిగేది వేరు. అధికారి ఉన్నన్నాళ్లూ చప్పట్లు కొట్టిన మనం, అధికారి వెళ్లిన మర్నాడు ఆ కుంట సర్వే నంబరు ఏమిటో, శిఖం ఎంతో కాగితం మీద చూసుకున్నామా?

ఉద్యోగం వదులుకొన్నవారిలో మన పొరుగునే ఉన్న దుశ్చర్ల సత్యనారాయణను తప్పక తలచుకోవాలి. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నల్లగొండ పల్లెల్లో ఫ్లోరిన్ నీరు తాగి వంకరలు పోయిన ఎముకలను చూశారు. ఉద్యోగం విడిచి జలసాధన సమితిని నడిపారు. 1996 లోక్‌సభ ఎన్నికలు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. తాగునీటి గోడు ఢిల్లీదాకా వినిపించింది. ఆ తర్వాత పార్లమెంటు నామినేషన్ డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీరు అడిగితే రుసుము పెంచడం మన ప్రజాస్వామ్యంలో ఒక విచిత్రం. అదే సత్యనారాయణ సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో తన పూర్వీకుల 70 ఎకరాలను అడవిగా పెంచి, ఎవరెంత ధర ఇవ్వజూపినా అమ్మకుండా ఉంచారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య సంగతి మీ అందరికీ తెలిసినదే. చదువు పెద్దగా లేని ఆయన సైకిలు మీద విత్తనాలూ మొక్కలూ మోసుకుంటూ జీవితమంతా నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

న్యాయస్థానం నుంచీ ఒక పేరు చెప్పాలి. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ రక్షణకూ తాగునీటికీ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండింటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. ఒక నూనెల పరిశ్రమ ఆ పరిధిలో అనుమతి అడిగింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. తెలుగువారైన జస్టిస్ జగన్నాథరావు 1999లో ఇచ్చిన తీర్పు దేశమంతటా ఉదాహరణగా నిలిచింది. హాని జరుగుతుందని ప్రజలు నిరూపించనక్కరలేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవాడే నిరూపించాలి అన్నది అందులోని సారం. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. ఈ సందర్భంలో హైదరాబాద్ చెరువుల కోసం గొంతెత్తినవారిలో డాక్టర్ లుబ్నా సర్వత్ పేరు మీరు వినే ఉంటారు. సేవ్ అవర్ అర్బన్ లేక్స్ అనే వేదికలో పనిచేస్తూ చెరువు చెరువుకూ తిరిగి, అర్జీలు పెట్టి, అధికారులను నిలదీసిన ముస్లిం మహిళ. మన ఆడపిల్లల గురించి బయటివారు చెప్పే కథల్లో బురఖా ఒక్కటే కనబడుతుంది, చెరువుగట్టు మీద ఫైలు పట్టుకొని నిలబడిన ఈమె కనబడదు. పోనీ, మన పత్రికల్లోనైనా కనబడాలి కదా.

భూపాలపల్లి మిత్రులు ఇంతసేపూ ఓపికగా విన్నారు. మా జిల్లా నుంచి ఒక్క పేరూ లేదేమిటని వారు అడగవచ్చు. అక్కడి సంగతి కొంచెం చిక్కైనది, ఎందుకంటే అక్కడ అన్నం పెట్టేదీ బొగ్గే, దుమ్ము పెట్టేదీ బొగ్గే. సింగరేణి గనుల్లో మనవారు తరతరాలుగా పనిచేస్తున్నారు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్ కేంద్రం ఉంది. గని మూసేయండి అని వేదిక ఎక్కి చెప్పడం నాకు తేలిక, గని కార్మికుని ఇంట పొయ్యికి కాదు. ఓపెన్‌కాస్ట్ పేలుళ్లకు గోడలు బీటలిచ్చిన ఇంటిలోనే సింగరేణి జీతం మీద చదువుకున్న కొడుకు కూడా ఉంటాడు. అందువల్ల అక్కడ అడగవలసినది చట్టం ఇప్పటికే ఇచ్చినదాన్ని.

2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కొత్త గనికిగానీ, పెద్ద విస్తరణకుగానీ ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే తెలుగులో, అందుబాటులో ఉంచాలి. చెప్పిన ప్రతి అభ్యంతరమూ రికార్డు కావాలి. ఆ సభల్లో మనవారు ఎందరు మైకు పట్టుకున్నారు? ఇచ్చిన అనుమతి మీద అభ్యంతరముంటే 30 రోజుల్లో, తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మన ప్రాంతానికి బెంచి చెన్నైలో ఉంది. ఇక 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలోనూ ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఏర్పడింది. నాటి మార్గదర్శకాల ప్రకారమే ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, కాలుష్య నివారణ వంటి వాటికి, గని ప్రభావిత ప్రాంతాల్లోనే ఖర్చు చేయాలి. అది దానం కాదు, ఆ దుమ్ము పీల్చినవారి వాటా. మన బస్తీకి అందులో నుంచి ఒక నీటి ట్యాంకైనా వచ్చిందా అని సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీతో తెలుసుకోవచ్చు.

మహబూబాబాద్ అటవీ అంచు పల్లెల గురించి కూడా ఒక మాట. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలు పంచింది. గిరిజన సోదరులకు దక్కిన న్యాయమది, మనం సంతోషించాలి. అవి గిరిజనులకే పరిమితమయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం అడవి మీద ఆధారపడి బతికే గిరిజనేతరులకూ హక్కు గుర్తించింది. షరతు కఠినమైనది: 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే నివసించినట్టు చూపాలి. కాగితాలు లేవని మనవారు వెనుదిరుగుతున్నారు. నిబంధనలు కాగితాన్నే అడగలేదు. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి సాక్ష్యంగా తీసుకోవచ్చు. సామూహిక హక్కుల విషయంలో పాత కుంటలు, చెట్ల తోపులు, శ్మశానాలు, ఖననభూములు కూడా ఆధారాలే. అంటే మన తాతముత్తాతలు నిద్రిస్తున్న కబ్రస్తాన్ వారి తరఫున సాక్ష్యం చెబుతుంది. దాని చుట్టూ ఉన్న వేప, చింత చెట్లను కొట్టి ప్రహరీ కట్టాలని తొందరపడేవారు ఈ సంగతి ఆలోచించాలి. గోడ కట్టండి, చెట్టు ఉంచండి.

ఒక్క హెచ్చరిక. అడవి హక్కు అడగడం అంటే అడవిని నరకడానికి అనుమతి అడగడం కాదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క గాలివానకు వేలాది మహావృక్షాలు కూకటివేళ్లతో కూలిపోయిన దృశ్యం మీరంతా చూశారు. మిగిలిన అడవి ఎంత విలువైనదో అక్కడి కోయ సోదరులను అడగండి. వారితో కలిసి గ్రామసభలో కూర్చోగలిగితేనే మన దరఖాస్తుకు బలం. వారికి ఎదురుగా కూర్చుంటే ఇద్దరమూ నష్టపోతాం.

మధ్యాహ్నం నమాజు తర్వాత జిల్లాలవారీగా విడిగా కూర్చుంటారని నిర్వాహకులు చెప్పారు. జనగామవారు తమ ఊరి చెరువు సర్వే నంబరు, 1954-55 ఖాస్రా పహాణీలో దాని విస్తీర్ణం తెచ్చే బాధ్యత ఎవరిదో నిర్ణయించుకోవాలి. మహబూబాబాద్‌వారు 75 ఏళ్లు దాటిన పెద్దల పేర్లు రాసుకోవాలి, వారి వాంగ్మూలాలు ఆలస్యమైతే మళ్లీ దొరకవు. భూపాలపల్లివారు ఖనిజ ఫౌండేషన్ ట్రస్టుకు పెట్టవలసిన సమాచార హక్కు అర్జీని ఈరోజే తెలుగులో రాసి, పది రూపాయల రుసుముతో సిద్ధం చేయాలి. అర్జీ ముసాయిదా నా దగ్గర ఉంది. రాయడం వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు ముందుకు వస్తే, భోజనాల తర్వాత వెంటనే మొదలుపెడదాం.